వేదాళై మొదలు ఓరియూరు వరకు: మధుర సీమలో వేదసాక్షులు, వడుగులు

తమిళనాట తరతరములుగా కాపురమున్న తెలుగువారిని అక్కడి జనులు వడుగులనిరి. ‘వడ’ యనగా ఉత్తరదిక్కు. ఉత్తరమునుండి వచ్చినవారు గనుక వడుగులు. తెలుగింట ఉపనయనమునకు చెప్పు వడుగు వేరు, ఈ వడుగు వేరు. పదునారవ శతాబ్దిలో తీరమునకు వచ్చిన పోర్చుగీసువారి నోట ఈ మాట ‘బడగ’ యైనది. యేసుసభ గురువులు గోవాకును, రోమునకును వ్రాసిన లేఖలలో ఈ బడగలు పలుమారులు కనబడుదురు. మధుర నాయకరాజుల చరిత్ర వ్రాసిన పండితులు ఆ లేఖలను ముఖ్యాధారములుగా గైకొనిరి. 1924లో వెలువడిన ఆర్. సత్యనాథయ్యర్ గ్రంథము అందుకు నిదర్శనము. తెలుగు ప్రభువుల యేలుబడిలో తెలుగు కావ్యములు చెప్పక విడిచిన కరవులు, యుద్ధములు, సామాన్యుల పాట్లు ఆ పరదేశుల కలమున నిలిచియున్నవి. అయితే వానిని తెరచిన తెలుగు పాఠకునకు మొదట ఎదురగు దృశ్యము ప్రీతికరమైనది కాదు. అందు వడుగు పేరు ఈటె పట్టుకొని వచ్చును.

1544లో విజయనగర సేనలు విఠ్ఠలరాయని నాయకత్వమున దక్షిణమునకు దండు వెడలెను. కన్యాకుమారి చెంత ముత్యాలతీరమున నివసించు పరవలు అంతకు కొన్ని సంవత్సరములకు పూర్వమే క్రైస్తవమతము నవలంబించి, పోర్చుగీసువారి అండ జేరియుండిరి. వడుగులు పైబడగా పరవలు పడవలెక్కి సముద్రములోని బండలమీద తలదాచుకొనిరి. అచట తిండి లేదు, త్రాగుటకు నీరు లేదు. ఫ్రాన్సిస్ జేవియర్ పడవలలో ఆహారము నింపుకొని వారికొరకై బయలుదేరెను. తెలుగు కథోలికులు శౌరి యని పిలుచుకొనునది ఈ జేవియరునే. శౌరయ్య, శౌరిరాజు మున్నగు పేర్లు ఈయన పేరునుండి వచ్చినవే. ఆ దండులోని ప్రతివాడును తెలుగువాడే యనుటకు వీలులేదు. వడుగు శబ్దము కన్నడిగులకును ఒక్కొక్కచో చెల్లినది. ఎట్లైనను, జేవియరు లేఖలలో ఆ దండునకు గల పేరు మాత్రము అది.

అయిదేండ్ల పిమ్మట, 1549లో, రామేశ్వరమునకు పోవు మార్గమున నేటి మండపమునకు చేరువనున్న వేదాళైలో జరిగిన సంగతి ఇంకను విచారింపదగినది. అచటి పోర్చుగీసు దళపతి దారికి అడ్డముగా కందకము త్రవ్వించి యాత్రికులనుండి సుంకము వసూలు చేయసాగెను. కాశీ రామేశ్వర యాత్ర హిందూ గృహస్థునకు జన్మకొక పర్యాయము సిద్ధించు భాగ్యము. వందల క్రోసులు నడచివచ్చి, సేతువు కనుచూపు మేరలో నుండగా, పరదేశి సిపాయి చేయిచాచి పైకమడిగిన యాత్రికుని మనసెట్లుండునో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆగ్రహము పెరిగెను. వడుగ సైన్యము వేదాళైపై విరుచుకొని పడెను. కొలదిమందియైన పోర్చుగీసు సిపాయిలు ఓడలలోనికి పరుగిడిరి.

వారితోపాటు ఓడ యెక్కదగిన వాడొకడు తీరముననే నిలిచెను. అతడు అంటోనియో క్రిమినాలి. ఇటలీలోని పార్మా ప్రాంతమువాడు, 1520లో జన్మించినవాడు. 1545లో ఇండియాకు వచ్చి, జేవియరు ఆజ్ఞచే ముత్యాలతీరపు గురువులకు పెద్దయై యుండెను. ఆనాడు అతడు ఆడువారిని, పిల్లలను పడవలకు చేర్చుచు ఒడ్డుననే తిరుగుచుండెను. శత్రువులు సమీపించిన పిమ్మట మోకరిల్లి చేతులెత్తెనని చెప్పుదురు. ఈటెపోట్లకు నేలగూలెను, తల నరుకబడెను. ఇగ్నేషియస్ స్థాపించిన యేసుసభలో ప్రాణమర్పించిన వారిలో ఇతడే ప్రథముడు. అప్పటికి వయస్సు ఇరువదితొమ్మిది సంవత్సరములు.

ఇది వేదసాక్ష్యమేనా యను ప్రశ్న న్యాయమైనది. విశ్వాసద్వేషముచే చంపబడినవాడే వేదసాక్షి యని కథోలిక శాస్త్రజ్ఞుల లక్షణము. క్రిమినాలిని చంపినవారు మతము విడువుమని అతనిని అడిగినట్లు కథనములు చెప్పవు. వారి కోపము సుంకముపైనను, కందకముపైనను గలిగినది. ఆ సుంకము విధించినవాడు ఓడలో క్షేమముగా నుండెను. దానితో పొత్తులేనివాడు ఒడ్డున చచ్చెను. దళపతి తప్పునకు గురువు మరణము ప్రాయశ్చిత్తమైనదని మెచ్చుట సులభము గాని, అట్లు మెచ్చిన దళపతి తప్పు మరుగుపడును. చరిత్రకారుడు ఆ రెంటిని వేరువేరుగా నుంచుటయే మేలు.

అతని మరణమునుండి తెలియవచ్చు విషయము వేరొకటి కలదు. సర్వమును దేవుని యేలుబడిలో నున్నదని నమ్మినవాడు జరుగునది జరుగునని చేతులు ముడిచి కూర్చుండునని పలువురు తలతురు. క్రిమినాలి అట్లు కూర్చుండలేదు. పడవ తరువాత పడవ నింపెను. తన ప్రాణము సంగతి దేవునికి విడిచినందున, ఆ ఘడియలో అతనికి ఇతరుల ప్రాణములను గూర్చి ఆలోచించుటకు తీరిక కలిగెను. చావును వెదకుకొని పోవుటను క్రైస్తవసభ ఏనాడును మెచ్చలేదు. ఒక ఊర హింసించిన మరియొక ఊరికి పొండని క్రీస్తు శిష్యులకు చెప్పినట్లు సువిశేషమున నున్నది. మధుర గురువులును పలుమారులు అడవులలో దాగి ప్రాణము కాపాడుకొనిరి. ఎప్పుడు పోవలెను, ఎప్పుడు నిలువవలెను అను వివేకమే వారికి కలిగిన కష్టమైన పరీక్ష.

వేదాళై ఘటన జరిగిన అరువది యేండ్లలోపుననే వడుగుపేరు లేఖలలో మరియొక రూపున దర్శనమిచ్చును. 1606లో, ముత్తుకృష్ణప్ప నాయకుని కాలమున, రాబర్టు డి నొబిలి మధుర చేరెను. కావివస్త్రములు, పాదకోళ్లు ధరించి, మాంసమద్యములు విడిచి, సన్న్యాసి రీతిని జీవించెను. రాచనగరులో వినవచ్చు భాష తెలుగు. ప్రజలు మాటలాడునది తమిళము. పండితులు వాదించునది సంస్కృతము. నొబిలి మూడింటిని నేర్చెను. అందు సంస్కృతమును, తెలుగును నేర్పినవాడు శివధర్ముడను తెలుగు బ్రాహ్మణుడు. వేదవాఙ్మయపు గుట్టును పరదేశికి విప్పిచెప్పుట ఆనాడు కఠినదండనకు పాత్రమగు పని. శివధర్ముడు దానికి సాహసించెను. పిమ్మట తానును జ్ఞానస్నానము పొందెను. ఈటె పట్టిన వడుగుల పేర్లు ఒక్కటియు లేఖలకెక్కలేదు, పుస్తకము పట్టిన ఈ వడుగు పేరు మాత్రము నిలిచినది. నొబిలియు కష్టములను తప్పించుకొనలేదు. 1640లో, తిరుమల నాయకుని కాలమున, మధురలోనే చెరసాల చూచెను. 1656లో మైలాపురమున మరణించెను.

మధుర వేదప్రచార చరిత్రలో శిఖరప్రాయుడు జాన్ డి బ్రిట్టో. 1647 మార్చి 1వ తేదీన లిస్బను నగరమున జన్మించి, బాల్యమున పోర్చుగలు రాజాస్థానమున రాకుమారుడగు పేద్రోతో కలిసి పెరిగెను. చిన్ననాట ప్రాణాంతకమగు జబ్బుచేయగా, తల్లి శౌరికి మ్రొక్కుకొని, బిడ్డ కోలుకొన్న పిదప ఏడాదికాలము యేసుసభవారి అంగీ తొడిగెనట. ఆ అంగీని అతడు 1662లో నిజముగనే ధరించెను. 1673లో ఓడయెక్కి గోవా చేరి, మరుసటి యేట మధుర సీమకు వచ్చెను. ఏ సంవత్సరమున అతడు లిస్బను విడిచెనో ఆ సంవత్సరముననే తంజావూరి తెలుగు నాయకరాజ్యము మధుర చొక్కనాథుని దాడిలో కూలెను. మరి కొలదికాలమునకు అక్కడ మహారాష్ట్రుల యేలుబడి వెలసెను. అట్టి కల్లోలపు నేలపై బ్రిట్టో అడుగిడెను.

నొబిలివలె బ్రాహ్మణసన్న్యాసి వేషము వేసినచో కడజాతులవారి ముంగిట నిలుచుటకు వీలుండదు. కావున బ్రిట్టో పండారస్వామి వేషము పూనెను. పండారములు అన్ని కులముల వారితోను మెలగవచ్చును. నేలపై పరుండుచు, పిడికెడన్నముతోను కూరాకులతోను కడుపు నింపుకొనుచు, కాలినడకన తిరిగెను. జనులు అతనిని అరుళానందస్వామి యనిరి. అరుళ్ అనగా కృప. రాజసభలో పెరిగిన లిస్బను బిడ్డను ఆ పేరుతోనే తమిళులు నేటికిని స్మరింతురు.

1686లో అతడు మరవసీమలో ప్రవేశించెను. రామనాథపురపు రఘునాథ కిళవన్ సేతుపతి పేరునకు మధుర నాయకులకు లోబడినవాడైనను, తన సీమలో తానే ప్రభువు. ఆ యేటి జూలైలో సేతుపతి సేనాని కుమారపిళ్ళై బ్రిట్టోను, అతని ఉపదేశులను పట్టి బంధించెను. శివనామము పలుకుమని నిర్బంధించిరి. నీట ముంచి తీసిరి. ఎండకు కాలిన గరుకు రాతిమీద పరుండబెట్టి పైకెక్కి త్రొక్కిరి. మరణశిక్షయు విధించిరి. ఆ సమయమున సేతుపతి వారిని రామనాథపురమునకు పిలిపించి, బ్రిట్టో బోధించు మతమెట్టిదో స్వయముగా విని, ఇకమీదట తన సీమలో బోధింపరాదని చెప్పి విడిచిపెట్టెను.

విడుదల గూర్చి బ్రిట్టో మనస్సు విచిత్రమైనది. కిరీటము చేతికందబోయి జారిపోయినదని అతడు చింతించెను. అయినను విడిపించిన చేయి దేవునిదేయని యొప్పుకొని, పెద్దల యాజ్ఞచే సంస్థ పనులకై ఐరోపాకు ప్రయాణమయ్యెను. 1687లో లిస్బను చేరెను. చిన్ననాటి చెలికాడు పేద్రో అప్పటికి రాజు. తన కుమారునకు గురువుగా నుండుమని రాజు పట్టుబట్టెను. మంచి పదవి, పుట్టినయూరు, ముదుసలి తల్లి. నిలిచిపోవుటకు కావలసిన కారణములన్నియు నుండెను. వేదసాక్షుల చరిత్రలు చదువువారు కత్తి యెత్తిన ఘట్టమున కన్నులు నిలుపుదురు గాని, బ్రిట్టో జీవితమున అసలైన నిర్ణయము ఇక్కడ జరిగినది. విడుదలను దేవుని చిత్తమని గైకొన్నవాడు, అది విశ్రాంతికొరకు ఇచ్చిన సెలవని యనుకొనవచ్చును. పలువురు అట్లే యనుకొందురు. విడిచి వచ్చిన పని ముగియలేదని మాత్రమే అతడు గ్రహించెను. 1690లో తిరిగి గోవాలో దిగెను.

మరవసీమలో బోధింపరాదన్న ఉత్తరువు ఇంకను నిలిచియే యున్నది. అయినను అచటి క్రైస్తవులు గురువు లేక యున్నారన్న కారణమున అతడు అడవిబాటల వెంట తిరుగుచు వేలకొలది జనులకు జ్ఞానస్నానమిచ్చెను. రాజవంశీయుడును, రామనాథపుర సింహాసనముపై హక్కు గలవాడని చెప్పబడువాడును అగు తడియ తేవరు తీరని వ్యాధికిలోనై, క్రైస్తవ ప్రార్థనచే స్వస్థత పొందితినని నమ్మి, జ్ఞానస్నానము కోరెను. అతనికి పలువురు భార్యలు. ఒక్కతెను మాత్రమే నిలుపుకొని తక్కినవారిని విడువనిదే జ్ఞానస్నానము లేదని బ్రిట్టో చెప్పగా, తేవరు సమ్మతించెను. 1693 జనవరి 6వ తేదీన, ముగ్గురు రాజుల పండుగనాడు, అతనికి జ్ఞానస్నానము జరిగెను. విడువబడినవారిలో ఒకతె సేతుపతికి తోబుట్టువు బిడ్డ. ఆమె మొర రామనాథపురము చేరుటకు తడవు పట్టలేదు. జనవరి 8వ తేదీన బ్రిట్టోను పట్టిరి.

ఆ విడువబడిన స్త్రీని జీవితచరిత్రలు దుష్టురాలిగా చిత్రించును. ఆమె పక్షమున ఒక్కమాట చెప్పిన వారరుదు. మతము మార్చుకొన్నది భర్త. ఇల్లు కోల్పోయినది ఆమె. పినతండ్రి వంటి ప్రభువుకడ మొర పెట్టుకొనుటలో వింత లేదు. సేతుపతిని గూడ రక్తపిపాసిగా తలచుట తగదు. ఏడేండ్ల క్రిందట అతడే బ్రిట్టోను ప్రాణములతో విడిచినవాడు. ఇప్పుడు తన సింహాసనమునకు దాయాది యగువాడు వందలకొలది జనముతో పరదేశి గురువు శిష్యుడగుచుండగా, అతనికి అది మతవిషయముగా మాత్రమే కనబడియుండదు. ఇవన్నియు తెలిసినంతమాత్రమున బ్రిట్టో సాక్ష్యము తగ్గదు. ఇట్టి చిక్కుముడుల నడుమనే, మనుష్యుల కోపతాపముల నడుమనే దేవుడు తన పని నడపునని అతడు నమ్మినది.

బహిరంగముగా దేశబహిష్కారమని చెప్పి, సేతుపతి రహస్యముగా బ్రిట్టోను ఓరియూరిలోనున్న తన సోదరుడు ఉడయ తేవరుకడకు పంపెను. మరణశిక్ష అచట అమలుజరుపవలెనని ఉత్తరువు. రోగపీడితుడైన ఆ సోదరుడు, తడియ తేవరునకు వలె తనకును స్వస్థత కలిగింపుమని బ్రిట్టోను వేడుకొనెనట. స్వస్థత దేవునిచేతిదేగాని తనచేతిది కాదని బ్రిట్టో సమాధానము. ప్రాణము దక్కించుకొనుటకు ఆ ఘడియలో ఒక్క ఆశమాట చెప్పిన చాలునేమో, అది చెప్పలేదు.

ఫిబ్రవరి 3వ తేదీన చెరసాలనుండి అతడు తన పెద్దయగు లాయ్నెజునకును, తోడి గురువులకును లేఖలు వ్రాసెను. సిరా లేక, నీటిలో కలిపిన మసితో వ్రాసెనని ప్రతీతి. ఆ లేఖలలో ఏడుపు లేదు, శాపము లేదు. తన మీది నేరము దైవధర్మమును బోధించుటయే యని, సద్గుణము నేరమైనచోట శిక్ష గౌరవమగునని వాని సారాంశము. చావుకొరకు ఎదురుచూచుచున్నాననియు, అదియే తన ప్రార్థనలకు ఫలమనియు వ్రాసెను. 1686లో చేయిజారినదానిని తానుగా లాగుకొనక, ఏడేండ్లు పనిచేసి, మరల తనయంతట వచ్చినప్పుడు గైకొన్నవాడు గనుక ఆ మాటలలో ఆత్రము కనబడదు.

మరునాడు, 1693 ఫిబ్రవరి 4, విభూతి బుధవారము. క్రైస్తవులు నుదుట బూడిద ధరించి, మంటినుండి వచ్చినవాడు మంటికి పోవునని తలచుకొను దినము. పాంబారు ఒడ్డున గల మెరకకు అతనిని నడిపించిరి. మోకరిల్లి ప్రార్థించి లేచి, తనవలన కావలసినది ముగిసినదని, ఇక ఉత్తరువు నెరవేర్పవచ్చునని తలారితో చెప్పెను. మెడలోని పవిత్రవస్తువుల సంచిని చూచి తలారి మంత్రమేమోయని జంకి, చేతితో ముట్టక కత్తితో త్రాడు కోయగా భుజము తెగెను. ఆపైన తల నరికిరి. కాలుచేతులు కోసి, మొండెమును కొయ్యకు వ్రేలగట్టిరి. వార్త లిస్బను చేరినప్పుడు రాజు స్తుతిపూజ చేయించెననియు, తల్లి శోకవస్త్రములు గాక పండుగబట్టలు కట్టుకొని అందుకు వచ్చెననియు చెప్పుదురు. ఓరియూరు ఇసుక ఎర్రగా నుండును. అది స్వామి రక్తమువలన ఎర్రనైనదని అచటి జనుల నమ్మకము. దూరప్రాంతములనుండి వచ్చినవారు ఆ మట్టిని మూటగట్టుకొని పోవుదురు. 1853లో రోము అతనిని ధన్యునిగను, 1947 జూన్ 22వ తేదీన పునీతునిగను ప్రకటించెను.

ఇక వడుగుల మాట. ఆ కాలమున తిరుచునాపల్లినుండి మధుర రాజ్యమును పాలించుచున్నది తెలుగు రాణి మంగమ్మ. 1689 మొదలు 1706 వరకు మనుమనికి మారుగా ఆమె యేలెను. బ్రిట్టో వధలో ఆమెకు పాత్ర లేదు. తదనంతరము మెల్లో అను గురువు రామనాథపురమున చెరబడగా, ఆమె పూనికచేతనే విడుదల పొందెను. బూషే యను ఫ్రెంచి గురువు మరవసీమ క్రైస్తవులకు న్యాయము కోరి ఆమె దర్బారునకు రాగా, ఆమె ప్రధాని నరసప్పయ్య ఆదరముతో చూచెను. ఆమె చెంత శివాలయములును, విష్ణ్వాలయములును దానములు పొందుచునేయుండెను. 1702లో సేతుపతిపై జరిగిన యుద్ధమున నరసప్పయ్య నేలకొరిగెను. వేదాళై ఒడ్డున గురువును పొడిచిన పేరే, నూటయేబది యేండ్ల పిమ్మట గురువును చెరనుండి విడిపించినదిగా అదే లేఖలలో వ్రాయబడినది.

తమిళనాట తెలుగు కథోలికులు తామై ఊళ్లు కట్టుకొన్న కాలము ఆపైన వచ్చెను. తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరి అట్టిది. తెలుగుసీమనుండి తరలివచ్చిన కథోలిక కుటుంబములు అచట పాదుకొన్నవి. 1924లో ఆ యూర జన్మించిన సామినేని అరుళప్ప, తరువాతి కాలమున తెలుగునాటికే తిరిగివచ్చి, 1970 దశకపు ఆరంభము మొదలు 2000 వరకు హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నుండెను. ఇంటిపేరు అచ్చమైన తెలుగు. పెట్టుడుపేరు అరవము: తమిళ కథోలికులు జాన్ అను పేరును అరుళప్పరు అందురు, ఓరియూరు స్వామి పేరులోని అరుళ్ కూడ అదియే.